అల్లికలో ఆఖరి మలుపు

సెబు నగరాన్ని ఆనుకున్న మాందావెలో పేము పనివాళ్లుండే మూడు సందుల్లో ఇలుమినాడా కబహుగ్ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. అదే మనిషిని లూమింగ్ అని అడిగితే మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి గుమ్మంలో దింపుతారు.

లూమింగ్ తల్లి కొబ్బరాకు చీలికలతో పూసో గూళ్లు అల్లి సంతలో అమ్మేది. గూట్లో పిడికెడు బియ్యం పోసి ఉడకేస్తే అన్నం మూట తయారవుతుంది. ఆ మూట లేనిదే ఆ ఊళ్లో కూలివాడి మధ్యాహ్నం గడవదు. ఆరేళ్లు వచ్చేసరికి లూమింగ్ కబుర్లు చెబుతూ, చేతులవంక చూడకుండా గూడు అల్లేది. పదిహేడో ఏట లిమ్‌సాన్ వారి కుర్చీల ఫ్యాక్టరీలో పనికి చేరింది. పేము కర్రల్ని గరుకు కాగితంతో రుద్ది నున్నగా చెయ్యడం పని. అల్లికబల్ల దగ్గరికి వెళ్లాలంటే పదేళ్ల అనుభవం కావాలనేవాళ్లు.

ఆ ఏడు పైదేశం నుంచి ఒక బేరగాడు గుడ్డు ఆకారంలో కుర్చీ కావాలని బొమ్మ గీసి పంపాడు. బొమ్మ అందంగానే ఉంది. అల్లబోతే మాత్రం వంపు తిరిగేచోట అబకా నార, అంటే అరటిజాతి చెట్టు నార, ముద్దకట్టేది. కోసి ముడివేస్తే కూర్చున్నవాడి వీపుకి గుచ్చుకునేది. పదకొండు కుర్చీలు పాడయ్యాయి. పారేసిన వాటిలో ఒకదాన్ని లూమింగ్ భోజనాల వేళ ముందుకు లాక్కుని, ఆ వంపు దగ్గర అల్లిక విప్పింది. తల్లి గూడు మూలని ఎలా తిప్పేదో అలాగే నారని కొయ్యకుండా, ముడెయ్యకుండా, తన కిందినుంచి తననే దూర్చి వెనక్కి తెచ్చింది. వెనక ఎవరో నిలబడ్డారని తల తిప్పితే యజమాని బెనిటో లిమ్‌సాన్.

"ఎవరు నేర్పారు?" అన్నాడాయన.

"మా అమ్మండీ."

"మీ అమ్మ ఏ ఫ్యాక్టరీలో అల్లుతుంది?"

"ఫ్యాక్టరీ కాదండీ. అన్నం గూళ్లు."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బెనిటో నవ్వలేదు. ఆ కుర్చీని చంకన పెట్టుకుని తన గదిలోకి తీసుకెళ్లాడు. మర్నాటినుంచి లూమింగ్ అల్లికబల్ల దగ్గర కూర్చుంది.

ఆ కుర్చీ సముద్రాలు దాటింది. గీసినవాడి పేరు పత్రికల్లో పడింది. లూమింగ్ పేరు ఎక్కడా పడలేదు, పడాలని ఆమెకీ తోచలేదు. నలభై మందితో నడిచే ఫ్యాక్టరీ ఆరేళ్లలో మూడు వందల మందికి కూడు పెట్టింది. ఆ మూడు వందల మంది వెనకాల ఇంకెందరో. నారకి రంగులద్దేవాళ్లు పక్క సందులో పొయ్యిలు పెట్టారు. పేముని ఆవిరిపట్టి వంచి చట్రాలు చేసే ప్రుదెన్సియో, అందరూ ప్రుదో అంటారు, తన ఇంటి ముందే రేకుల షెడ్డు వేశాడు. బసిలియా అనే ఆవిడ నాలుగు బల్లలతో పూటకూళ్లు మొదలుపెట్టి, రోజుకి రెండొందల మందికి మొక్కజొన్న నూక, మునగాకు చారు, ఎండుచేప వడ్డించే స్థితికి వచ్చింది. అద్దెగదులు లేచాయి. లారీలొచ్చాయి. వేరే కుర్చీల కంపెనీలూ వెతుక్కుంటూ వచ్చి ఆ చుట్టుపక్కలే దిగాయి.

కొత్త నమూనా ఏదైనా పుట్టిందంటే ఆ సందుల్లో తిరిగి తిరిగి పుట్టేది. లూమింగ్ ఒక వంపు అనుకునేది, ప్రుదో అది వంగదనేవాడు, రంగులవాళ్లు మరోటి చూపించేవాళ్లు, బసిలియా అన్నం వడ్డిస్తూ అందర్నీ కలిపి వెక్కిరించేది. దాదాపు ముప్ఫైయేళ్లు అలా గడిచాయి.

బెనిటో పోయాడు. కొడుకు హారిసన్ కుర్చీ ఎక్కాడు. అతను చెడ్డవాడు కాడు. చిన్నప్పుడు నార పోగుల మీద పడుకుని నిద్రపోయిన పిల్లాడే. కానీ అతను వచ్చిన రెండేళ్లలోనే పైదేశాల్లో బ్యాంకులు కూలిపోయి, కుర్చీలు కొనేవాళ్లు కరువయ్యారు. ఉన్న కొద్దిమందీ ధర తగ్గించమన్నారు. ఒకరోజు హారిసన్ లూమింగ్ బల్ల దగ్గరికి వచ్చి, పీట లాక్కుని కూర్చున్నాడు.

"లూమింగక్కా, వియత్నాంలో ఒక షెడ్డు తీసుకున్నాను. సైగాన్ బయట. నువ్వొచ్చి ఆర్నెల్లు అక్కడివాళ్లకి గుడ్డుకుర్చీ నేర్పాలి."

"మరి ఇక్కడో?"

"మామూలు సరుకు అక్కడ, మంచి సరుకు ఇక్కడ. నువ్వు నేర్పితే ఆ లాభంతో ఇక్కడ వందమందిని నిలబెడతాను. నేర్పకపోతే రెండూ పోతాయి. మా నాన్న మీద ఒట్టు."

లూమింగ్ ప్రుదోని అడిగింది. ప్రుదో చట్రం వంచుతూనే, "ఒట్టు పెట్టాడంటే ఆలోచించుకోవాల్సిందే. ఎద్దు కొనేవాడు ఒట్టు పెట్టడు, అమ్మేవాడే పెడతాడు," అన్నాడు. బసిలియా మాత్రం వెళ్లమంది. "వందమంది అంటే నాకు వంద కంచాలే. వెళ్లిరా. ఆర్నెల్లే కదా, బిడ్డని మొయ్యడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది."

లూమింగ్ వెళ్లింది.

అక్కడ షెడ్డు తెల్లగా, గాలి ఆడేలా ఉంది. నార కట్టలు కొలతప్రకారం కోసి వచ్చేవి. చట్రాలు యంత్రంలోంచి అన్నీ ఒకే అచ్చులో దిగేవి. నేర్చుకోవడానికి ముప్ఫైమంది ఆడవాళ్లు కూర్చున్నారు. వాళ్లలో హాన్ అనే ఆమెకి ముప్ఫైయేళ్లుంటాయి. ఇద్దరు పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి, రెండు బస్సులు మారి వచ్చేది. దుబాసీ ఉన్నా వాళ్లిద్దరికీ అవసరం పడలేదు. లూమింగ్ హాన్ చేతిమీద చెయ్యి పెట్టి పోగు తిప్పేది. హాన్ రెండోసారికి తనే తిప్పేది.

'మన చేతుల్లో ఏదో ఉంది, ఇంకొకరికి రాదు' అని మాందావెలో అందరూ అనుకునేవాళ్లు. లూమింగ్ కూడా అనుకుంది. నాలుగు నెలల్లో అది అబద్ధమని తేలిపోయింది. ఆ ఆడవాళ్లకి అంతా వచ్చేసింది, వంపు దగ్గరి ఆఖరి మలుపు తప్ప. అది ఆమె నేర్పలేదు. రేపు, ఎల్లుండి అంటూ ఆ చోటు తనే అల్లి మూసేసేది. అందులో మోసం లేదని తనకి తను చెప్పుకుంది. ఆరో నెల దాకా గడువు ఉందిగా.

ఈలోగా హారిసన్ మరో మాట అన్నాడు. "అక్కా, ఎటూ ఇక్కడ ఉన్నావు. కొత్త నమూనా ఒకటి చెయ్యి. ఏం కావాలన్నా తెప్పిస్తాను."

తెప్పించాడు కూడా. నాలుగు రకాల నార, పది రంగులు, పెద్ద బల్ల, హాస్టల్ పక్కన ప్రత్యేకంగా ఒక గది. లూమింగ్ ఆదివారాలన్నీ ఆ గదిలో కూర్చుంది. అల్లింది, విప్పింది. ఏది చేసినా పాత కుర్చీకి చెల్లెలే వచ్చేది. యాభై రెండేళ్లు వచ్చాయి, ఇక చేతులు ఎండిపోయాయి కాబోలు అనుకుంది. ఒక ఆదివారం ఉండబట్టలేక ప్రుదోకి ఫోన్ చేసింది.

"అన్నా, చిటికెనవేలంత సన్న పేము ఉందే, దాన్ని రెండుసార్లు మెలిపెడితే విరుగుతుందా?"

"పేమా? నేను పేము ముట్టుకుని రెండు నెలలైందమ్మా. ఇప్పుడు మాల్ గేటు దగ్గర నిలబడి జనాల సంచులు తడుముతున్నా."

"అదేంటన్నా?"

"ఫ్యాక్టరీకి తాళం పడింది కదా. నీకు చెప్పలేదా? అందరం నీకు తెలుసనే అనుకుంటున్నాం."

ఆ 'అందరం' అన్న మాట లూమింగ్ గుండెలో దిగబడింది.

మర్నాడు పొద్దున్నే హారిసన్ గదికి వెళ్లింది. అతను లేచి నిలబడ్డాడు. ఆమె అడగకముందే చెప్పడం మొదలుపెట్టాడు. బ్యాంకు ఒప్పుకోలేదని, స్థలం కుదువలో ఉందని, చెబితే ఆమె సగంలో వెళ్లిపోతుందని భయపడ్డానని.

"మీ నాన్న మీద ఒట్టేశావు బాబూ."

"వేసినప్పుడు నిజమే అనుకున్నానక్కా."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి ఆమెకి కోపం తగ్గలేదు, కానీ అరవాలనిపించలేదు. "టిక్కెట్టు కొనివ్వు," అని బయటికి వచ్చేసింది.

పెట్టె సర్దుకోవడానికి వెళ్తూ షెడ్డులోంచి నడిచింది. ఆ ఆఖరి మలుపు ఇంకా తన దగ్గరే ఉంది. దాన్ని తీసుకుని వెళ్లిపోతే హారిసన్ కుర్చీలు అక్కడే ముడిపడి ఆగిపోతాయి. తగిన శాస్తి జరుగుతుంది. హాన్ బల్ల దగ్గర ఒక కుర్చీ సరిగ్గా వంపు దాకా వచ్చి ఆగి ఉంది. హాన్ నార చివర పట్టుకుని ఆమె వంక చూసింది. ఇవాళైనా చెబుతారా అన్నట్టుంది ఆ చూపు. నెలాఖరుకి కుర్చీ పూర్తిగా రానివాళ్లని తీసేస్తారని దుబాసీ అంతకుముందే చెప్పాడు. ముప్ఫైమందినీ తీసేస్తారన్నమాట.

లూమింగ్ చాలాసేపు నిలబడింది. తర్వాత పీట లాక్కుని, హాన్ చేతిమీద చెయ్యి వేసి, నారని తన కిందినుంచి తననే దూర్చి వెనక్కి తెచ్చింది. హాన్ ఒక్కసారికే పట్టేసింది. పక్కవాళ్లని పిలిచింది. మధ్యాహ్నానికి ముప్ఫైమందికీ వచ్చేసింది.

ఆ సంగతి ఆమె కంటే ముందే మాందావె చేరింది.

లూమింగ్ దిగేసరికి పేము సందుల్లో సగం తలుపులకి తాళాలున్నాయి. మొగవాళ్లు కొందరు రియాద్ వెళ్లారు, కొందరు మనీలా. ఆడవాళ్లు ఇళ్లలో పాచిపనికి కుదిరారు. రంగులవాళ్ల పొయ్యిల్లో పిల్లులు పడుకుంటున్నాయి. బసిలియా బల్లలన్నీ ఒకదానిమీద ఒకటి బోర్లించి, ఒక్కటే ఉంచుకుని, దానిమీద కూరగాయలమ్ముతోంది.

"వచ్చావా? వియత్నాం భోజనం అరిగిందా?" అంది బసిలియా.

"నాకు తెలియదు బసిలియా. తాళం వేసినట్టు నిజంగా తెలియదు."

"సరే, తెలియదు. తెలిశాక? తెలిశాక కూడా కూర్చుని ఆ మలుపు నేర్పావంటగా. మా పొయ్యి నీ వేళ్లతో నువ్వే ఆర్పావు."

హాన్ చూపుని బసిలియాకి ఎలా చెప్పడం?

నెలరోజులు ఎవరూ పలకరించలేదు. చర్చిలో ఆమె కూర్చున్న వరస ఖాళీగా ఉండేది. ప్రుదో ఒక్కడే మాల్ పని దిగాక వచ్చి అరుగుమీద కూర్చునేవాడు. ఒకరోజు అడిగాడు, "నేర్పినందుకు బాధగా లేదా?"

"ఉందన్నా. నేర్పకపోతే కూడా ఉండేది."

ప్రుదో తల ఊపి, జేబులోంచి చిటికెనవేలంత సన్న పేముముక్క తీసి ఆమె ముందు పెట్టాడు. అది రెండుసార్లు మెలిదిరిగి ఉంది. "విరగలేదు," అన్నాడు.

పని చెయ్యడానికి చోటు కావాలి. ప్రుదో షెడ్డు రేకులు ఎప్పుడో అమ్ముడుపోయాయి. పెద్ద కప్పున్న చోటు ఒక్క బసిలియా పూటకూళ్లిల్లే. ప్రుదో వెళ్లి అడిగాడు. "నీకైతే ఇస్తా, దానికివ్వను," అంది. "నాకే ఇయ్యి," అన్నాడు ప్రుదో. మర్నాడు లూమింగ్ అతని వెనకే వచ్చి కూర్చుంది. బసిలియా చూసి, మొహం తిప్పుకుని, మునగాకు దూస్తూ కూర్చుండిపోయింది.

తొమ్మిది నెలలు. రంగులాయన ఒకడు తిరిగొచ్చాడు. పాత అల్లికవాళ్లు ఇద్దరు పాచిపని అయ్యాక మధ్యాహ్నాలు వచ్చేవాళ్లు. జీతం భత్యం ఏమీ లేవు. చేసినదల్లా పాడయ్యేది. కుర్చీలు వద్దనుకుని దీపాలకి గూళ్లు చేద్దామనుకున్నారు. చేస్తే వెలుతురు బయటికి రాదు. అల్లిక పలచన చేస్తే గూడు నిలబడదు. బసిలియా దూరంనుంచే ఒక్కోదానికీ ఒక్కో పేరు పెట్టేది. ఇది కోళ్లగంప, ఇది మా ఆయన టోపీ, ఇది మేయరుగారి పొట్ట. ఆ ఇద్దరు ఆడవాళ్లూ నవ్వు ఆపుకోలేకపోయేవాళ్లు. లూమింగ్ దాన్ని విప్పుకునేది.

ఒకనాడు సన్న పేముతో గూడు వంచి, దానిమీద పలచగా నార అల్లి, అది కుంగిపోకుండా లోపల ఇంకో చిన్న గూడు దూర్చారు. తాత్కాలికంగా ఆసరా కోసం పెట్టింది, తర్వాత తీసేద్దామని. బసిలియా తలెత్తి చూసింది.

"ఇదేంటి, చేపల బుట్టా? మా నాన్న సముద్రంలో ముంచే బుట్టకి అచ్చం ఇలాగే లోపల ఇంకో బుట్ట ఉండేది. చేప లోపలికి వస్తుంది, బయటికి పోదు."

నవ్వారందరూ. లూమింగ్ మాత్రం నవ్వలేదు. "లోపలిది బయటిదానికి ఎక్కడ కట్టేవాడు మీ నాన్న?" అని అడిగింది. ఆ తొమ్మిది నెలల్లో బసిలియాతో ఆమె అన్న మొదటిమాట అది.

బసిలియాకి జవాబివ్వాలని లేదు. కానీ తండ్రి ఎంత పనిమంతుడో చెప్పకుండా ఉండలేకపోయింది. "కట్టేవాడు కాదు. మూతి దగ్గర రెండింటినీ ఒకే పోగుతో అల్లేవాడు. ఇలా." లేచి వచ్చి, ఆకుపసరు చేతులతోనే చూపించింది. చూపించి, అంత దగ్గరికి వచ్చానని గుర్తొచ్చి, వెనక్కి వెళ్లి కూర్చుంది.

రెండు పొరల ఆ గూట్లో దీపం పెడితే వెలుతురు నీళ్లలోంచి వచ్చినట్టు కదిలేది. సెబు నగరంలో గదులు అలంకరించే ఒకామె నాలుగు కొనుక్కుంది, తర్వాత ఇరవై అడిగింది. ఆమె తీసిన ఫోటోలు ఎక్కడెక్కడికో వెళ్లాయి.

మూడు నెలలకి హారిసన్ వచ్చాడు. జుట్టు నెరిసింది. సైగాన్‌లో గుడ్డుకుర్చీని ఇంకో రెండు కంపెనీలు అంతకంటే చవగ్గా చేస్తున్నాయట. హాన్ వాటిలో ఒకదానికి పనివాళ్లమీద పెద్దగా వెళ్లిందట. బేరగాళ్లు కొత్తది చూపించమంటున్నారు, చూపించడానికి ఏమీ లేదు. వేలాడుతున్న గూళ్ల కింద నిలబడి చాలాసేపు చూశాడు.

"అక్కడ అన్నీ ఇచ్చాను కదక్కా నీకు. గది, నార, రంగులు. అప్పుడెందుకు రాలేదిది?"

"అక్కడ నన్ను వెక్కిరించేవాళ్లు లేరు బాబూ."

అతనికి అర్థమైందో లేదో. "దీన్ని అక్కడ పెద్దఎత్తున చేద్దాం. ఈసారి నీకు వాటా—"

"నార కావాలంటే అక్కడినుంచి తెప్పించు. కొనేవాళ్లని ఎక్కడినుంచైనా తీసుకురా. చెయ్యడం మాత్రం ఈ మూడు సందుల్లోనే."

"ఇక్కడ జీతాలు ఎక్కువ. పదిహేనుమందిని మించి పెట్టలేను."

"పదిహేనుతో మొదలుపెట్టు."

"మాటిస్తున్నాను."

"మాట వద్దు," అన్నాడు పక్కనుంచి ప్రుదో. "వకీలుని తీసుకురా."

వకీలు వచ్చాడు. కాగితం మీద లూమింగ్, ప్రుదో, రంగులాయన సంతకాలు పెట్టారు. నాలుగో సంతకం బసిలియాది ఉండాలని లూమింగ్ పట్టుబట్టింది. ఆ మూతి అల్లిక ఆవిడ తండ్రిది. బసిలియా కాగితం రెండుసార్లు చదివించుకుని, వేలిముద్ర వేసింది.

పదిహేనుమంది మూడేళ్లలో అరవైయారుమందయ్యారు. మూడు వందలు కాలేదు, ఇక కారు కూడా. లిమ్‌సాన్ పాత స్థలంలో పద్దెనిమిది అంతస్తుల భవనం లేచింది. రియాద్ వెళ్లినవాళ్లలో నలుగురే వెనక్కి వచ్చారు. మంచి అల్లికవాడు ఒకడు అక్కడే పోయాడు, శవపేటికే వచ్చింది. కానీ ప్రుదో మాల్ కొలువు మానేసి మళ్లీ రేకుల షెడ్డు వేశాడు. రంగుల పొయ్యిలు మూడు వెలిగాయి. కాలేజీలో చదివిన ఇద్దరమ్మాయిలు నమూనాలు గీస్తామంటూ వచ్చి, అద్దెగది తీసుకుని, అక్కడే ఉండిపోయారు. వాళ్లని చూసి ఒక పింగాణీవాడు వచ్చాడు. అతన్ని చూసి ఇంకెవరో.

బసిలియా పూటకూళ్లు మళ్లీ నడుస్తున్నాయి. మధ్యాహ్నం అందరి కంచాలూ తనే పెడుతుంది. లూమింగ్ కంచం మాత్రం ఇప్పటికీ ఇంకొకరి చేత పంపిస్తుంది. లూమింగ్ ఏమీ అనుకోదు. పోగు పక్కనపెట్టి, చేతులు కడుక్కుని, తినేసి, కంచం తనే తీసుకెళ్లి తొట్టిలో పెట్టి వస్తుంది. ఆ వేళకి బసిలియా వేరే వైపు తిరిగి ఏదో ఒక పని చూసుకుంటూ ఉంటుంది.